తొమ్మిదో ఊపు

ఏడేళ్లుగా ఒక చిన్న చప్పుడును మోస్తున్నాను. అగ్గిపుల్ల విరిచినంత చప్పుడు. అంతకంటే పెద్దది కాదు. దానికి ఇంత బరువుంటుందంటే ఎవరూ నమ్మరు, అందుకే చెప్పలేదు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. భయపడి చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. ముఖం కనబడే మనిషికి నేను ఏదీ చెప్పలేను. చుట్టాల ఇళ్లకు వెళ్లినా సంచిలో పుస్తకం పెట్టుకుని, జనం తక్కువున్న గది వెతుక్కునే మనిషిని. ఇప్పుడు కిటికీ అవతల మా నాయిన రంపానికి ఆకురాయి పెడుతున్నాడు. ఆ రాపిడి వినబడుతున్నంతసేపే నాకు సమయం ఉంది. అది ఆగితే ఆయన ఒక కుర్చీని కోస్తాడు. కోస్తే నేను చేసింది బయటపడుతుంది.

మాది జహీరాబాద్ దాటాక, చిరాగ్‌పల్లి వైపు, హైవే పక్కన రేకుల షెడ్డు. నాయిన వడ్రంగి. తలుపులు, కిటికీలు అందరూ చేస్తారు. ఆయన పేరు మాత్రం ఊగుడు కుర్చీల మీద నిలబడింది. పాత బంగళాలు కూల్చినప్పుడు, పెద్ద ఇళ్లలో అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు బయటపడే టేకు, శీశం కుర్చీలు తెచ్చేవాడు. పేము అల్లిక విప్పి కొత్తది అల్లించి, కీళ్లు బిగించి, లక్క పాలిష్ పట్టించేవాడు. బీదర్ నుంచి కూడా మనుషులు వచ్చేవారు.

ఉయ్యాల తొట్టి కింద ఉండే వంపు బద్దలను మొదటిసారి కుర్చీ కాళ్లకు బిగించింది ఎవరో ఎవరికీ సరిగ్గా తెలియదని ఒక పుస్తకంలో చదివాను. నాయినకు చెబితే నవ్వాడు. పెద్దోళ్లకు గుడ ఊపు కావాలె, అడగనీకి సిగ్గు, అందుకే దానికి కుర్చీ అని పేరు పెట్టుకున్నరు అన్నాడు. కొన్ని దేశాల్లో కర్రను ఆవిరిలో ఉడికించి వంచేవారట. మా దగ్గరికి వచ్చే పాత కుర్చీలకు మాత్రం వెడల్పు పలకలోంచి వంపుగా కోసి తీసిన బద్దలే ఎక్కువ. అలా కోస్తే బద్ద కొస దగ్గర కర్ర నార అడ్డంగా తెగిపోతుంది. ఊగుడు కుర్చీ విరిగితే అక్కడే విరుగుతుంది. పైన పాలిష్ మెరుస్తూనే ఉంటుంది, లోపల పగులు నడుస్తూ ఉంటుంది. అది కంటికి దొరకదు. చెవికి దొరుకుతుంది.

అందుకని మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. కుర్చీ ఇచ్చేముందు పదకొండు ఊపులు. ఊగేది నేనే. సుత్తి దెబ్బలకు నాయిన చెవులు మొద్దుబారాయి. హైవే మీద చెరకు లారీలు పోతుంటే ఏమీ వినబడదు కాబట్టి ఆయన చెయ్యెత్తి నిలబడేవాడు. ఒక లారీ దాటిపోయి, ఇంకోటి రాకముందు చెయ్యి దించేవాడు. నేను కళ్లు మూసుకుని ఊగేదాన్ని. అప్పుడు కొనేవాళ్లందరూ నన్నే చూసేవారు. కళ్లు మూసుకున్నా ఆ చూపులు తెలిసేవి.

ఏడేళ్ల కింద కోహీర్ ఊరి నుంచి ఒక సారు కుర్చీ కొనడానికి వచ్చాడు. ఆయన రావడానికి నెల ముందు, ఇంకో కుర్చీలో చప్పుడు విన్నానని చెప్పాను. నాయిన బద్ద విప్పి, గీకి, పగులుంటే తేలుతుందని నీళ్లు పెట్టి చూశాడు. ఏమీ లేదు. కొనడానికి వచ్చిన షావుకారు, “ఉస్తాద్, కుర్చీ మంచిగనే ఉన్నది. నీ బిడ్డ చెవులల్లనే ఏదో మోగుతున్నది, జర దవాఖానకు తోల్కపో” అన్నాడు. అందరూ నవ్వారు. నాయిన కూడా కొంచెం నవ్వాడు. షావుకారు మాట మర్చిపోయాను. ఆ కొంచెం నవ్వును మర్చిపోలేదు.

కోహీర్ సారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చిన్నప్పుడు వాళ్ల తాతకు అలాంటి కుర్చీ ఉండేదట. ఆయన కూర్చోలేదు, ముందు కుర్చీ చేతులు నిమిరాడు. పాత కుర్చీ కొనేవాళ్లు చాలామంది అంతే. ఎవరో ఏళ్ల తరబడి చెయ్యి పెట్టి అరగదీసిన చోటును వెతుక్కుంటారు. కొత్త కుర్చీలో అది దొరకదు. ఆయనకు దొరికింది. ముఖం చూస్తేనే తెలిసింది.

ఆయనతోపాటు భార్య, అల్లుడు, ఇంకో ఇద్దరు వచ్చారు. నాయిన చెయ్యి దించాడు. నేను ఊగాను. తొమ్మిదో ఊపుకు, ఎడమవైపు వెనకనుంచి, టిక్ మని వినబడింది.

లారీ లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. ఏడేళ్లలో మనసులో ఆ రోడ్డు మీద ఎన్ని లారీలు నడిపించి చూసుకున్నానో. ఒక్కటీ నిలబడలేదు. రోడ్డు ఖాళీగానే ఉంది.

“ఏమన్న ఇనబడ్డదా బిడ్డా?” అన్నాడు నాయిన.

“ఏం లేదు నాయినా.”

“మంచిగ ఇన్నవా? లారీ గిట్ల అడ్డమొచ్చిందా?”

“రాలే. ఏం లేదు.”

రెండుసార్లు అడిగాడు. రెండోసారి నాకు ఒక సాకు కూడా అందించాడు. లారీ వచ్చిందంటే మళ్లీ ఊగమనేవాడు, అంతే. ఎందుకు అనలేదు? మళ్లీ నవ్వుతారనా? నా గదిలో బోర్లించి వచ్చిన పుస్తకంలో ఇరవై పేజీలే మిగిలాయనా? ఆ రెండోది ఎన్నోసార్లు కొట్టేసి, మళ్లీ రాశాను. అదీ నిజమే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. చిన్నపిల్లను కాను.

మూడు వారాలకు కుర్చీ విరిగింది. సారు వెనక్కి పడ్డాడు. తుంటి ఎముక పోయింది. నాయిన దవాఖానకు ఉరికాడు. ఆయన అక్కడుండగానే వాళ్ల అల్లుడు కుర్చీని, విరిగిన ముక్కను ట్రాలీ ఆటోలో పంపాడు. షెడ్డులో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

ఇంతవరకు రాసింది నా పిరికితనం. ఇక రాయబోయేది నా పని.

విరిగిన చోట రెండు రంగులున్నాయి. బొటనవేలంత మేర నల్లగా ఉంది, అది పాత పగులు. మిగతాది తెల్లగా ఉంది, ఆ రోజు విరిగింది. వడ్రంగి కూతురికి అది చదవడం వచ్చు. కుర్చీ నా కింద ఊగినప్పటికే పగులుంది అని అది చెబుతోంది. నాయిన చూస్తే మొదట నన్నే అడుగుతాడు. మొత్తం నల్లగా ఉంటే మాత్రం అది చచ్చిన కర్ర, చప్పుడు చేయకుండానే విరుగుతుంది, నా చెవిని ఎవరూ అడగరు. నేను నల్లరంగు కలిపిన పాలిష్ గిన్నెలో దూది ముంచాను. తెల్లగా ఉన్న భాగమంతా నల్లగా అయ్యేదాకా అద్దాను. ఒక్క చోటు కూడా వదల్లేదు.

సాయంత్రం నాయిన వచ్చాడు. అప్పటికే ఆయన కళ్లకు శుక్లాలు. ముక్కను ముఖం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. మొత్తం చచ్చిన కర్రే, సూడకుండ ఇచ్చిన, తప్పు నాదే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మంచినీళ్లు ఇచ్చాను.

ఆ తర్వాత ఆయన ఊగుడు కుర్చీ ముట్టలేదు. చేతి గుణం పోయిందన్నాడు. తలుపులు చేస్తాడు, మంచాలు చేస్తాడు. ఎవరైనా పాత కుర్చీ తెస్తే బీదర్‌లో ఇంకొకరి పేరు చెప్పి పంపేస్తాడు. సారు కర్ర పట్టుకుని నడుస్తాడు. విరిగిన కుర్చీ అటక మీద ఉండిపోయింది. నాకు అప్పడం విరిగినా గుండె జారుతుంది.

నిరుడు నాయినకు కళ్ల ఆపరేషన్ అయింది. ఇప్పుడు సూదిలో దారం ఆయనే ఎక్కిస్తాడు. పోయిన వారం సారు భార్య వచ్చి, సారు ఆ కుర్చీనే అడుగుతున్నాడని, వేరేది వద్దంటున్నాడని చెప్పింది. నాయిన చేతిలో ఉన్న పని పక్కన పెట్టాడు. తర్వాత నిచ్చెన వేశాడు. కుర్చీ దించి తుడుస్తుంటే, ఏడేళ్ల తర్వాత ఆయన ఈల వేయడం విన్నాను.

విరిగిన కొసను కోసి కొత్త ముక్క అతుకుతాడు. పాలిష్ లోపలికంటా దిగదు. రంపం రెండుసార్లు ఆడితే కింద తెల్ల కర్ర కనబడుతుంది. నలుపు పూసిందని తెలుస్తుంది. ఎవరు పూశారో ఆయన అడగనవసరం లేదు.

పొద్దున ఛాయ్ తాగుతూ అన్నాడు, ఈసారి గుడ నువ్వే ఊగాలె, నా కండ్లు మంచిగైనయి గని నీ చెవే నాకు నమ్మకం అని.

తిడతాడని కాదు నా భయం. ఆయన తిట్టడు. ఆ తెల్ల కర్ర చూసి కూడా ఏమీ అనకుండా, కొత్త ముక్క అతికి, నన్ను పిలిచి కూర్చోబెట్టి, చెయ్యెత్తి లారీ దాటిపోయేదాకా నిలబడతాడేమో. దానికి భయపడుతున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీకు ఆ హక్కు లేదు, నాకూ అడిగే ముఖం లేదు. సారు నడక తిరిగి రాదు. ఈ ఏడేళ్లలో నాయిన చేతుల్లోంచి రావలసిన కుర్చీలూ రావు. అయినా రాశాక ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతోంది. అంతే.

ఆకురాయి ఆగింది.

ఈ నోట్‌బుక్ మూయను. తెరిచే పట్టుకుని బయటికి పోతాను. నోరు పెగలకపోతే ఈ పేజీ చూపిస్తాను. చూపాల్సింది ఇదొక్కటే.

ఇనబడ్డది నాయినా. తొమ్మిదో ఊపుకు ఇనబడ్డది. ఆ నలుపు నేను పూసిందే.