పిల్లి డాక్టరుకు పరీక్ష

రిటైరైనా హెడ్‌మాస్టరమ్మకు మార్కులు వేసే అలవాటు పోలేదు. నిన్నటి నుంచి పిల్లికి మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతుంటే, దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది. మొదటాయనను "ఏం బాబూ, జబ్బు పిల్లికా, నీ ఫోనుకా?" అని అడిగి, చీటీ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. బుట్ట మూతయినా తీయకుండా మందు రాసిన రెండో ఆయనకు రెండు వేసింది. మూడో డాక్టరు కుర్రపిల్ల. చేతులు కడుక్కుని, పిల్లి పొట్ట మెల్లగా తడిమింది. హెడ్‌మాస్టరమ్మ ఏడు వేసి, ముచ్చటపడి ఎనిమిది చేసింది. అంతలో ఆ పిల్ల తలెత్తింది.

"మూత్రాశయం రాయిలా బిగుసుకుపోయింది. ఇప్పుడే గొట్టం వేయాలి. నిన్నటి నుంచీ ఏం చేస్తున్నారండీ?"

హెడ్‌మాస్టరమ్మ పెన్నుకు మూత పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.