మూల తెగిన కార్డు

మా ఆవిడ చేతులారా చేసి నాకు పంపిన మొదటి గ్రీటింగు కార్డు ఆసుపత్రి మంచం మీద అందింది. చీర పెట్టె అట్టతో చేసింది. తొందరలో మడిచినట్టుంది, మడత దగ్గర అట్ట పగిలి, లోపలి బూడిదరంగు పీచు బయటికొచ్చింది. పైన ఒక లేసు ముక్క, దాని మీద మెరిసే టిక్కీలు. జిగురు ఎక్కువై కాగితం ముడతలు పడింది. లోపల "త్వరగా కోలుకోండి" అని రాసింది. నేనా, కార్డా, ఎవరు ముందు కోలుకోవాలో చూసేవాళ్లకు అనుమానం రాక మానదు.

ఈ విద్య ఆమెకు కరోనా మొదటి ఏడాది లాక్‌డౌన్‌లో పట్టుకుంది. వీడియోలు చూసి నేర్చుకుంది. వీడియోలోని అమ్మాయి మందపాటి కార్డు కాగితం కొనమనేది, మడత గీతకు ఎముక పుల్ల కొనమనేది, మూలలు గుండ్రంగా కోసే మిషను కొనమనేది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మేముండే సూరత్‌లో అన్నానికి కరువు రావచ్చుగాని చీర పెట్టెకు రాదు. మందపాటి అట్ట అలా దొరికింది. పాత శాంపిల్ పుస్తకాల్లోంచి రంగు కాగితాలు వచ్చాయి. పెట్టె మూతకుండే పారదర్శకపు రేకు కిటికీ అయింది. ఎముక పుల్లకు బదులు ఇంకు అయిపోయిన పెన్ను. గీత వెంట దాన్ని గట్టిగా లాగి, తర్వాత మడిస్తే అట్ట పగలదని ఆమెకు రెండో కార్డుకు తెలిసింది. మూలలు గుండ్రంగా రావడానికి రూపాయి బిళ్ల ఆనించి గీత గీసేది. కార్డులతోపాటు ఒక ఫోటోల పుస్తకం కూడా మొదలుపెట్టింది. ఫోటోలకు జిగురు పూయకూడదట, పాడవుతాయట. కాగితపు త్రికోణాలు నాలుగు అతికించి, ఫోటో మూలలు వాటిలోకి దూర్చాలట. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి నేలమీద త్రికోణాలు పడి ఉండేవి. మా అమ్మ వాటిని చీపురుతో ఊడ్చి, తర్వాత మాటలు పడేది.

మరుసటి ఏడాది ఎండాకాలం నన్ను అంబులెన్సు ఎక్కించారు. ఆ పొద్దుటే అమ్మకు దగ్గు మొదలైంది. నేను మెట్లు దిగుతుంటే ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఒరేయ్, కళ్లజోడు మర్చిపోతున్నావు" అని దగ్గింది. ఆ దగ్గు చెవిలో పెట్టుకుని వెళ్లాను.

స్ట్రెచరు మీద నుంచి దించేటప్పుడు నా ఫోను కింద పడి తెర నల్లబడింది. ఆ తర్వాత అది మోగేదే గాని ఎత్తడానికి వీల్లేదు. ఎలాగూ ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు, మాట్లాడితే ఆయాసం. డాక్టరు నోరు కట్టేసుకోమన్నాడు. పెళ్లయ్యాక ఆ సలహా నాకు కొత్తేం కాదు. అందుకే మా ఆవిడ కార్డులు పంపేది. గేటు దగ్గర బట్టలు, పండ్లతో కలిపి పొట్లం ఇస్తే, వార్డు ఆయా లోపలికి తెచ్చేది, ఆమెను అందరూ మౌసి అనేవారు. ప్రతి కార్డు లోపలా అమ్మ గురించి ఒక వాక్యం ఉండేది. "అత్తయ్యకు జ్వరం తగ్గలేదు." "అత్తయ్య ఇవాళ జావ తాగారు." "అత్తయ్య లేవడం లేదు, పడుకునే ఉన్నారు." నేను పై పువ్వులు చూడకుండా ముందు ఆ వాక్యం చదివేవాణ్ని. అమ్మ ఉందా లేదా అన్నది తప్ప నాకు ఆ కార్డుల్లో చదవాల్సింది ఏమీ లేదు.

పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. తెలంగాణ నుంచి కుర్రతనంలో వచ్చి, సూరత్‌లోని లింబాయత్ పేట మగ్గాల మీదే జుట్టు నెరిపించుకున్నాడు. ఊరి అంచున వడోద్‌లో తోటివాళ్లతో కలిసి రూములో ఉంటాడు. మొదటిరోజే నా ఫోను మోత విని ఇటు తిరిగాడు.

"సారూ, గా మొత్తుకునేది నీ ఫోనేనా? ఎత్తరాదా?"

"ఎత్తలేను పెద్దాయనా. తెర పోయింది."

"గట్లయితె అది ఫోను కాదు, గంట. ఇగో, పెద్దాయన గిద్దాయన ఏంది? కాకా అను. లింబాయత్‌ల కుక్కలు గుడ నన్ను గట్లనే పిలుస్తయ్."

కాకా దగ్గర బటన్ ఫోను ఉండేది. దాని గొంతు వార్డంతా వినిపించేది. రోజూ మధ్యాహ్నం ఊరి నుంచి ఆయన భార్య చేసేది.

"తిన్నవా?"

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"ఉన్నదేదో తిన్న. పెట్టు."

అంతే. పెండ్లయిన కాన్నుంచి ఇదే ముచ్చటని, ఇంకో ముచ్చట తమకు రాదని కాకా చెప్పాడు. ఆసుపత్రిలో ఉన్న సంగతి ఆమెకు చెప్పలేదు. మగ్గాలు బందున్నయ్, రూంల కూసున్న అని చెప్పాడు.

"ఎందుకు చెప్పలేదు కాకా?"

"చెప్తె ఏం జేస్తది? బండ్లు లెవ్వు, బస్సులు లెవ్వు. ఆడ కూసోని ఏడుస్తది. జర నయమైనంక నేనే చెప్త."

నా కార్డులను మొదట కాకాయే తనిఖీ చేసేవాడు. లేసు వేళ్ల మధ్య నలిపి, "గిది లింబాయత్ మాలే సారూ, సెకండు మాలు" అనేవాడు. ఒక కార్డుకు పువ్వు కింద ధర్మకోల్ ముక్కలు పెట్టి ఎత్తుగా అతికించింది మా ఆవిడ. కాకా దాన్ని కంటి దగ్గర పెట్టుకుని పక్క నుంచి చూసి, "నీ పెండ్లానికి చెయ్యి తిరుగుతున్నది" అన్నాడు. ఆ మాటకు నేను అనవసరంగా గర్వపడ్డాను.

అవతలి వరసలో మంచాలు ఖాళీ అవుతుండేవి. తుడిచేవారు, దుప్పటి పరిచేవారు, ఇంకొకరు వచ్చేవారు. దాని గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. రైలు పెట్టెలో కూడా మనం అంతే.

అలాంటి ఒక పొద్దున మౌసి పొట్లం తెచ్చింది. కార్డు మామూలుగానే కాకా చేతికి పోయింది. ఆయన లేసు ముట్టుకోలేదు. కొంచెంసేపు చూసి, దాన్ని అంచు పట్టుకుని నాకు ఇచ్చాడు.

"సారూ, ఇంట్ల అమ్మకు ఎట్లున్నదన్నవ్?"

"లేవడం లేదని మొన్న రాసింది. ఏం?"

ఆయన వేలితో కార్డు వైపు చూపాడు. కార్డు చూశాను. కుడివైపు పై మూల లేదు. మిగిలిన మూడూ రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉన్నాయి.

"కత్తెర జారినట్టుంది" అన్నాను.

"జారిన కోత గిట్లుండదు. సాపుగున్నది. కావాల్నని కోసిండ్రు." ఆయన గొంతు తగ్గించాడు. "వెనకట పోస్టు కార్డులొస్తుండె గదా. ఎవలన్న పోతె కార్డు మూల చింపి ఏద్దురు. మా తాన, మరాఠోళ్ల తాన, యూపీ వాళ్ల తాన, అందరి తాన గదే లెక్క. రూంల ఒక్కనికి గుడ సదువు రాకపోయేది. పోస్టుమాన్ వస్తె ఎవల పేరున్నదని అడగకపోదుము. మూల సూద్దుము. సదువు రానోడు గుడ సదివే ఉత్తరం గదొక్కటే సారూ."

"మా ఆవిడకు ఇవన్నీ తెలియవు కాకా. విజయవాడలో బీకాం చదివింది."

"ఆమెకు తెల్వదు. మీ అమ్మకు తెలుస్తది గదా? సూస్తె ఊకుంటదా?"

అప్పటిదాకా నేను బాగానే ఉన్నాను. కొత్త చొక్కాకు కూడా మూలన పసుపు పెట్టనిదే తొడుక్కోనివ్వని మనిషి మా అమ్మ. అలాంటి కార్డు ఆవిడ కంటపడి ఉంటే గడప దాటేది కాదు. దాటిందంటే ఆవిడ చూడలేదు. చూడలేదంటే చూసే స్థితిలో లేదు. బ్యాంకులో అప్పుల ఫైళ్లు తిరగేసే బుర్ర కదా, మెట్టు మెట్టుగా దిగిపోయింది.

లోపలి వాక్యం చదువుదామని కార్డు తెరవబోయాను. తెరుచుకోలేదు. జిగురు ఆరకుండానే మూసినట్టుంది, రెండు రేకులూ కరుచుకుపోయాయి. గోటితో లాగితే పై పొర ఊడి వచ్చింది. "అత్తయ్య" అన్నంతవరకు కనిపించింది. మిగతా అక్షరాలు అవతలి రేకుకు అంటుకుని చిరిగిపోయాయి.

కాకా తన ఫోను చాపాడు. "చెయ్యి సారూ."

టిఫిను అయ్యాక చేస్తానన్నాను. తర్వాత డాక్టరు వచ్చి వెళ్లాక అన్నాను. తర్వాత ఆయాసంగా ఉందన్నాను, అది అబద్ధం కూడా కాదు. ఫోను చేసేదాకా మా అమ్మ ఏదో ఒక విధంగా ఉంటుంది. చేశాక ఒకే విధంగా ఉంటుంది. కాకా నన్ను తొందరపెట్టలేదు. "కార్డయితె నీ తాన ఉంచుకోకు. సదివినంక చింపాలె, ఇంట్ల పెట్టరు" అన్నాడు అంతే. నేను దాన్ని దిండు కింద పెట్టుకున్నాను.

మర్నాడు మౌసి ఉత్త చేతులతో వచ్చింది. "ఆజ్ కుచ్ నహీ ఆయా" అంది. ఇవాళ ఏమీ రాలేదట.

కాకా ఈసారి చాపలేదు, ఫోను తెచ్చి నా పొట్ట మీద పెట్టాడు. నంబరు నొక్కాను. చాలాసేపు మోగాక మా ఆవిడ ఎత్తింది. నా గొంతు గుర్తుపట్టి ఏడ్చింది. ఏడుపు మధ్యలో, "మొన్న రాత్రి అత్తయ్య ఫోటో పెట్టామండీ..." అంది.

 కాకా కళ్లు మూసుకున్నాడు. ఆ ఫోను గొంతు అందరికీ వినబడుతుంది కదా.

"వింటున్నారా? త్రికోణాలు మూడే ఉన్నాయి. పెట్టెలు అయిపోయాయి. అందుకని మీ కార్డు మూల కోసి..."

వెనక నుంచి ఇంకో గొంతు. "నేనే కొయ్యమన్నానని చెప్పు. నా ఫోటో ఊడి పడుతుందేమోనని. ఇటివ్వు. ఒరేయ్, కళ్లజోడు పెట్టుకుంటున్నావా?"

"అమ్మా, మూల కోసిన కార్డు పంపొచ్చా?"

"ఏం, పంపితే?"

"చావు కబురుకి అలా పంపుతారట."

"ఎవరు చెప్పార్రా? మన ఇళ్లలో ఎప్పుడైనా కార్డులొచ్చాయా అలాంటివాటికి? మనకు టెలిగ్రామ్ వచ్చేది." ఆ తేడా ఆవిడ కొంచెం గొప్పగానే చెప్పింది. తర్వాత దగ్గు వచ్చింది, తగ్గుముఖం పట్టిన దగ్గు. మొన్న రాత్రే లేచి కూర్చుందట. లేచిన వెంటనే పుస్తకంలో తన ఫోటో ఎందుకు లేదని అడిగిందట. ఆ పొద్దున ఆక్సిజన్ ట్యాంకరు వచ్చిందని ఆసుపత్రి గేటు మూసేశారట, పొట్లం తీసుకోలేదట.

ఫోను పెట్టేశాక కాకా నవ్వడం మొదలుపెట్టాడు. మాస్కులో నవ్వితే లోపల ఆవిరి పడుతుంది, మనిషి కనపడడు. "మీకు టెలిగ్రామా? పెద్దోళ్లు సారూ మీరు! సావు గుడ తీగెల మీద వస్తది!" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయాసం వచ్చి సిస్టరు తిట్టేదాకా నవ్వుకున్నాం.

నవ్వు ఆగాక చెయ్యి చాపాడు. "గా కార్డియ్యి."

"ఎందుకు కాకా? ఏమీ లేదని తేలింది కదా."

"తేలింది. అయిన గని ఉండొద్దు. నువ్వు చింపవు, నాకెరుకే."

ఇచ్చాను. ఆయన దాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపాడు. చీర పెట్టె అట్ట కదా, బలం పట్టింది. లేసు మాత్రం తెగలేదు. దాన్ని వేరుచేసి, "మాలు ఖరాబు చేసుడెందుకు" అని నా దుప్పటి మీద వేశాడు. ముక్కలు చెత్తబుట్టలో పడ్డాయి.

సాయంత్రానికి ఆయన వేలి క్లిప్పు మీద ఆక్సిజన్ అంకె పడిపోసాగింది. డాక్టరు వచ్చి చూసి పై అంతస్తుకు తీసుకెళ్లమన్నాడు. పై అంతస్తు నుంచి మా వార్డుకు తిరిగి వచ్చినవాణ్ని నేను చూడలేదు. బహుశా నేను గమనించి ఉండను. మంచం తోస్తుంటే కాకా ఫోను నా చేతిలో పెట్టాడు.

"జర చార్జింగు పెట్టు. ఇంటికెల్లి ఫోనొస్తె, నీళ్లకు పోయిండని చెప్పు."

మర్నాడు పొద్దున మౌసి వచ్చి ఆయన సంచీ, చెప్పులు తీసుకుంది. నేను ఆమె వైపు చూశాను. "చాచా గయే" అంది. తెలుగులోలాగే హిందీలో కూడా పోవడం రెండు రకాలు. ఏ రకమో ఆమె చెప్పుల్ని పట్టుకున్న తీరులోనే తెలిసింది. ఊళ్లో చెప్పారా అని అడిగాను. కాగితాల్లో వడోద్ రూము ఫోను నంబరే ఉందని, అక్కడ ఎవరూ ఎత్తడం లేదని చెప్పి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఫోను మోగింది. చార్జింగు నిండుగా ఉంది.

"తిన్నవా?"

మాస్కులోంచి ఎవరి గొంతైనా ఒకేలా ఉంటుంది. తిన్న అంటే సరిపోయేది. ఏం తిన్నవని అడిగేది, ఉన్నదేదో అంటే పెట్టేసేది. ఇంకో రోజు గడిచేది. నా నోట్లో ఆ మాట సిద్ధంగానే ఉంది.

"అమ్మా, నేను ఆయన్ని కాదు. పక్క మంచం మనిషిని" అన్నాను.

"మంచమేంది? అది రూం కాదా?"

 అటు వెనకాల ఎక్కడో గిన్నె పెట్టిన చప్పుడు వినబడింది. 

"మరి గాయన తిన్నడా?"

మాటలు స్పష్టంగా వినబడాలి కదా. మాస్కు తీసి ఉన్నమాట చెప్పాను.