పేరెత్తితే టీ

మానసిక వైద్య విభాగంలో పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు ముక్కు మీద కంటే నుదుటి మీదే ఎక్కువసేపు ఉంటుంది. జబ్బులకు పేర్లు పెట్టే లావుపాటి పుస్తకం కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా దాన్ని చేత్తో తూచి, "మళ్ళీ ఒళ్ళు చేసిందే!" అని నవ్వుతుంది. దుఃఖాన్నీ సిగ్గునీ కూడా రోగాల్లో కలిపేస్తే ఇక ఆరోగ్యవంతులంటూ ఎవరు మిగులుతారని ఆవిడ వాదన. అందుకే ఆవిడ దగ్గర ఒక కట్టుబాటుంది. మనిషి గురించి చెప్పకుండా ముందే జబ్బు పేరెత్తిన శిష్యులు ఆ పూట అందరికీ టీ పోయాలి.

ఆ రోజు ఒకావిడ భర్తతో వచ్చింది. ఏడాదిగా పొద్దున్నే మంచం దిగడానికి కూడా ఓపిక ఉండటంలేదని చెప్పుకుని, భర్తతో పాటు బయటికెళ్ళి కూర్చుంది. ఒక శిష్యురాలు తడుముకోకుండా, "డిప్రెషన్ మేడమ్" అంది.

"పద, టీ పొయ్యి! అలసిపోయిన మనిషికి అంత పేరెందుకే?"

శిష్యురాలు కదల్లేదు. "ఆవిడకి పేరు ఇప్పటికే పెట్టేశారు మేడమ్. సోమరిపోతని వాళ్ళాయన మన ముందే అన్నాడు. మనం ఊరుకుంటే అదే ఖాయమైపోతుంది."

కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగింది. డాక్టరమ్మ శిష్యురాలిని కాసేపు తేరిపార చూసి, ఆ దంపతులను మళ్ళీ లోపలికి పిలిచింది. "ఇది బద్ధకం కాదు బాబూ, జబ్బు. డిప్రెషన్ అంటారు. నయమవుతుంది" అంది. భర్త తల దించుకున్నాడు. భార్య మాత్రం మొదటిసారి తలెత్తింది.

ఆ పూట డాక్టరమ్మే కెటిల్ పట్టుకుని అందరికీ టీ పోస్తుంటే, "ఈ రోజు ఓడిందెవరు మేడమ్?" అని ఎవరో అడిగారు.

"నేనే!" అంటూ శిష్యురాలి కప్పు నిండా పోసింది. "దీనికి చదువు చెప్పిందీ నేనే!"