పటంలోని పుస్తకం

సహోదరులారా, పదిహేనేళ్లు నేను కల్లుకు దాసినై బతికాను. ఒకనాడు నా బిడ్డ తన మూడేళ్ల కూతురిని నాకు అప్పజెప్పి పత్తి ఏరడానికి పోయింది, తిరిగి వచ్చేసరికి నేను గడపలో ఒళ్లు తెలియక పడి ఉన్నాను, పిల్ల ఒంటరిగా బావి గట్టు మీద కూర్చుని ఉంది. బిడ్డ అరవలేదు. "అమ్మా, నీకే ఒక మనిషి కావలి ఉండాలె. ఇగ నీ దగ్గర పిల్లను ఇడుస్తనా?" అని చంకనేసుకుని పోయింది.

ఆ తరువాతే హుస్నాబాదులో మా వాడ ప్రార్థన మందిరానికి పోయాను. అక్కడ గోడకు ఒక రంగుల పటం ఉంది. ఒక స్త్రీ తల మీద కొంగు కప్పుకుని మోకరించి ఉంది, ముందర తెరిచిన పుస్తకం, గదంతా మసక చీకటి, కిటికీ వెలుగు ఆమె చెంప మీద మాత్రమే పడింది. ఆ ముఖంలో నెమ్మది చూసి నాకు అసూయ పుట్టింది! ఆమెకు విడుదలనిచ్చిన ప్రార్థన ఆ పుస్తకంలోనే రాసి ఉందని, అది చదివితే నాకూ కల్లు నుంచి విడుదల దొరుకుతుందని అనుకున్నాను. నాకు అక్షరం రాదు, ఒకరిని అడగాలంటే సిగ్గు. యాభై రెండేళ్ల వయసులో పాస్టరమ్మ దగ్గర పలక పట్టాను.

"ఏందే, కలెక్టర్‌వైతవా?" అని కల్లు దుకాణంలో నవ్వారు.

ఏడాదికి కూడబలుక్కుని చదవడం వచ్చింది, కల్లు మాత్రం పోలేదు. ఒక ఆదివారం అందరూ వెళ్లాక బల్ల ఎక్కి పటంలోకి కళ్లు పెట్టి చూశాను. పుస్తకంలో ఒక్క అక్షరం లేదు! సన్న కుంచెతో గీసిన గీతలు, అంతే.

"ఏం సదువుతున్నవ్ అక్కా?" అంది వెనక నుంచి పాస్టరమ్మ.

"ఇందుల ఏం రాయలేదమ్మా."

పాస్టరమ్మ నవ్వింది. "ఆమె కండ్లు మూసుకునే ఉన్నది గదా. ఇగ సదువుడెక్కడిది?"

నిజమే. ఏడాదంతా చూసి కూడా నేను చూడలేదు. అప్పుడు మిగతా పటం చూశాను. ఆమె మడమలకు పగుళ్లున్నాయి. గడప దగ్గర విడిచిన చెప్పుల్లో ఒకటి బోర్లా పడి ఉంది. నెమ్మదిగా నడిచి వచ్చిన మనిషి కాదు, ఉరికి వచ్చింది. నేను బల్ల దిగి అక్కడే మోకరించాను.

"అయ్యా, నా కాళ్లు కల్లు దుకాణం దిక్కే పోతున్నయి. ఇటు మలుపు. నాకింకో మాట రాదు."

వారం పాటు కల్లు లేక ఒళ్లు వణికింది, నిద్ర లేదు, పాస్టరమ్మ గంజి తెచ్చి పోసింది, నేను అదే మాట చెప్తూ పడుకున్నాను. ఆ తరువాత నా కాళ్లు ఆ దారి తొక్కలేదు, దేవునికే మహిమ!

మళ్లీ పత్తి కాలం వచ్చింది. మొన్న పొద్దున్నే నా బిడ్డ వచ్చి, పిల్లను నా ఒడిలో కూర్చోబెట్టి, "అమ్మా, మాపటికి వస్త" అని వెనక్కి చూడకుండా పోయింది.

సహోదరులారా, సరైన మాటలు దొరికాక వద్దామని ఆగకండి. చెప్పులు ఎట్లా పడితే అట్లా విడిచి రండి, ఆయన మిమ్మల్ని చేర్చుకుంటాడు.