ఎండ ఎంచిన టమాటా

మా ఓనర్ పెద్దమ్మ పోయింది. శివరాత్రి వెళ్లిన వారంలో ఒక పొద్దున ఆమె పెద్దకొడుకు మా తలుపు కొట్టాడు. చెప్పులు లేని కాళ్లతో గుమ్మం బయటే నిలబడి, "అమ్మ లేస్తలేదు మేడం" అన్నాడు. ఆయన వెనకే మెట్లు దిగుతుంటే నాకు తట్టిన మొదటి ఆలోచన ఇది: ఇవాళ మేడ మీద చెట్లకు ఎవరూ నీళ్లు పోసి ఉండరు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలనీ ఉన్న నేలంతా ఒకప్పుడు ఆమె అత్తగారి వాళ్ల కూరగాయల తోట. బావి ఉన్న చోట ఇప్పుడు కోచింగ్ పిల్లల హాస్టల్ ఉంది. తోట ప్లాట్లయ్యాక పెద్దమ్మ దాన్ని మేడెక్కించింది. పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు, పాత కూలర్ తొట్టి, ఎందులో చూసినా టమాటాయే. మెట్ల మలుపులో ఒక బకెట్ పెట్టేది. కిరాయికి ఉన్నవాళ్లందరం చెట్లకోసం బియ్యం కడిగిన నీళ్లు అందులో పోయాలి. మరిచిపోయామో, కిందినుంచి కేక వచ్చేది: "ఏందే, ఇయ్యాల మీ ఇంట్ల అన్నం ఒండలేదా?"

మేం ఈ ఇంట్లో దిగిన కొత్తలో నేనూ ఎల్బీనగర్ రోడ్డు పక్క నర్సరీ నుంచి టమాటా నారు తెచ్చుకున్నాను. గుబురుగా పెరిగాయి, విరగకాశాయి. బుట్టనిండా కోసి గర్వంగా కిందికి పట్టుకెళ్లాను. ఆమె ఒక పండు నొక్కి చూసి, "మంచిగనే ఉన్నయి. మళ్ల ఎప్పుడు కాస్తయి?" అంది. అవి మళ్లీ కాయలేదు. ఆ ఒక్క కాపుతో చెట్లు ఎండిపోయాయి.

"పెండ్లి భోజనం బిడ్డా అది. ఒక్కపూట కడుపు పగులుతది, తెల్లారి పస్తు. రైతుకు మంచిదే, లారీ ఒక్కసారి నిండాలె గద. నీకు లారీ ఉందా? ఇంట్ల చెట్టంటే రోజు పప్పులకు రెండు కాయలు ఇయ్యాలె. ఇస్తనే ఉండాలె."

ఆమె రకం అలాంటిదే. కాయ చిన్నది, గుమ్మడిలా గీతలు గీతలుగా ఉంటుంది, తొడిమ దగ్గర ఎప్పుడూ కొంచెం పచ్చగానే మిగులుతుంది. పులుపు నాలుకకు తగిలితే కళ్లు మూసుకోవాల్సిందే. వానలు తగ్గాక నారు పోస్తే చెట్టు తీగలా పెరుగుతూ, పూస్తూ, కాస్తూ వేసవిదాకా నడిచేది. పెట్టెలో గింజ దాచే అలవాటు ఆమెకు లేదు. ఉన్నదంతా చల్లి, మిగిలిన నారు అడిగినవాళ్లకు పంచేది. పట్టుకెళ్లిన మాలో ఎవరమూ గింజ తీసి ఉంచుకోలేదు. ఆ రకానికి ఇల్లంటూ ఉంటే ఆ మేడ మీది డబ్బాలే.

ఎండలు ముదిరితే టమాటా పూత రాలిపోతుంది. తెల్లదోమ చేరి ఆకులు ముడుచుకుంటాయి. ఒక్కో చెట్టూ వాలిపోతుంటే పెద్దమ్మ తొందరపడకుండా చూస్తూ ఉండేది. మే నెలాఖరుకు ఇంకా పూత నిలుపుకుని పిందె వేస్తున్న చెట్టేదో, దానికి పాత చీర అంచు చింపి కట్టేది. ఇక ఆ చెట్టు కాయ ఎవరూ ముట్టకూడదు. అది గింజకు.

"ఏది నిలబడుతుందో ముందే తెలియదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"నాకెట్ల ఎరుక? మొదట్ల నేను గూడ పండును జూసి మోసపోయిన. ఇంత లావు పండు! ఆ గింజ ఏస్తే అన్ని చెట్లకు ఆకుముడతే. పండును జూసి ఇత్తనం తియ్యొద్దే, చెట్టును జూసి తియ్యాలె. ఎంచనీకి నేనెవతెను? ఎండ ఎంచుతది. మనం నీళ్లు పోసుడే."

నాకు ఎంచుకోవడమంటే భయమని ఆమెకు తెలుసు. చీరల షాపులో నాతో కూర్చుని కూర్చుని విసిగిపోయి అందరిముందూ అడిగింది: "నీకు మొగుణ్ణి ఎవలు ఎంచిన్రే?"

"పెద్దవాళ్లు చూశారు పెద్దమ్మా."

"గందుకే పెండ్లయింది. నీ మీద ఇడిస్తే ఇప్పటిదాంక ఈ షాపులనే కూసుందువు!"

దినాలు అయ్యాక పెద్దకొడుకు నన్ను మేడ మీదికి పిలిచాడు. "స్లాబ్ కారుతుంది మేడం. వానలకు ముందే వాటర్‌ప్రూఫింగ్ చేపియ్యాలె. ఈ డబ్బాలన్ని తీసేపిస్తున్న. అమ్మ గుర్తుకు మీరొక చెట్టు తీస్కోండ్రి. ఏది మంచిదో మీకే ఎరుక."

నాకేం ఎరుక? ట్యాంకు పక్కన ఒకటి ముదురాకుపచ్చగా, గుత్తులతో వంగిపోయి ఉంది. నా చెయ్యి దానిమీదికే పోయింది. పిట్టగోడ దగ్గర పగిలిన పెయింటు డబ్బాలో ఇంకొకటి పక్కకు ఒరిగి, సన్నగా, చూడబుద్ధి కాకుండా ఉంది. కానీ అది మార్చి నెల. మార్చిలో ప్రతి టమాటా చెట్టూ మంచిదే. షాపు దాటాక ఆ రెండో చీరే బాగుందేమో అనుకునే మనిషిని నేను. ఆ రోజు మాత్రం నా అనుమానమే సరైందనిపించింది.

"అన్నీ తీసుకుంటాను అన్నగారూ."

"అన్నీనా? ఏడ పెడ్తరు?"

"మా బాల్కనీలో."

"అది పడమర బాల్కనీ మేడం. పొద్దుమీకేదాంక నిప్పులే. సచ్చిపోతయి."

"చావనివ్వండి. ఏది చావదో చూడాలి."

"ఇన్నొద్దులు మా అమ్మతోని పరేషాన్, ఇగ మీరా" అంటూ కూలర్ తొట్టి ఆయనే ఎత్తుకున్నాడు.

బాల్కనీ డబ్బాలతో నిండి, బట్టలారేసే తీగ హాల్లోకి వచ్చింది. మెట్ల మలుపులో బకెట్ మళ్లీ పెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు, మధ్యాహ్నానికి నిండింది. ఏప్రిల్‌లో ట్యాంకు పక్కనుంచి తెచ్చిన ఆ నిగనిగల చెట్టే అన్నిటికన్నా ముందు ముడుచుకుపోయింది. ఉండబట్టలేక ఆకుపచ్చ వల కొని కట్టాను. మర్నాడే విప్పేశాను. నేను నీడ కల్పిస్తే ఎండ దేన్ని ఎంచుతుంది? తప్పు చేస్తున్నానేమో, అన్నీ పోతాయేమో అనుకుంటూనే రోజూ నీళ్లు పోశాను.

మే నెలాఖరుకు పగిలిన పెయింటు డబ్బాలోది ఒక్కటే మిగిలింది. సగం ఆకులు మాడాయి, కానీ పూత రాలలేదు. పూల కింద శనగగింజంత పిందెలు, వాటి కింద ఎర్రబడుతున్న ఒక కాయ. కిందటేడు ఆమె కట్టిన చీర అంచు డబ్బాలతో పాటు వచ్చిన పాత వెదురు కర్రకు ఇంకా ముడేసే ఉంది. వెలిసిపోయిన ఆకుపచ్చది. ముడి విప్పి ఈ చెట్టుకు కట్టాను. కట్టేటప్పుడు రెండో చెట్టు ఏదీ గుర్తుకు రాలేదు.

నిన్న సాయంత్రం పెద్దకొడుకు ఏదో పనిమీద వచ్చి బాల్కనీలోకి తొంగిచూశాడు.

"పండింది గద మేడం, తెంపరా?"

"తెంపం అన్నగారూ."

ఆయన అంచును చూశాడు. పడమటి ఎండ ఆ ఒక్క పండు మీద నిలిచి ఉంది. తొడిమ దగ్గర ఇంకా కొంచెం పచ్చ. వేడిగాలికి చీర అంచు లేచి పండును కప్పుతోంది, తప్పుకుంటోంది, మళ్లీ కప్పుతోంది.