కంప్యూటర్ల గదికి కొత్త పండుగ

యంత్రానికి దణ్ణం పెట్టేవాణ్ణి చూసి మీరు నవ్వుతారు కదా, మరి రిబ్బన్ కత్తిరించేదాకా ఆ యంత్రాన్ని ఎవరినీ ముట్టనివ్వని వాళ్లను చూసి ఎందుకు నవ్వరు? ఆ రోజుల్లో, అంటే రెండువేల దశకం మొదట్లో, నాకూ ఆ ప్రశ్న తట్టలేదు. తట్టి ఉంటే ఊరుకునేవాణ్ణి కాదు. ఊరుకోవడమనేది నా జాతకంలోనే లేదు (జాతకాలను నేను నమ్మననుకోండి). చర్చావేదికల మీద మూఢనమ్మకాలను చెండాడి, గొంతు బొంగురుపోయాక, పొట్టకూటి కోసం అరకు దగ్గర ఒక గిరిజన బాలికల కాలేజీలో కాంట్రాక్టు కంప్యూటర్ మాస్టారుగా చేరాను. కంప్యూటర్లు నాకంటే ముందే వచ్చి, అట్టపెట్టెల్లోంచి బయటపడి, దుప్పట్లు కప్పుకుని గదిలో కూర్చున్నాయి. గదికి తాళం. తాళంచెవి ప్రిన్సిపాల్ మేడమ్ కొంగుకి.

పెద్దాఫీసరుగారు వచ్చి ప్రారంభిస్తేగానీ తాళం తీయడానికి వీల్లేదు. ఆయన ఓసారి ఘాట్ రోడ్డులో మంచు ఉందని రాలేదు. ఇంకోసారి వానన్నారు. మరోసారి మంచూ లేదు, వానా లేదు, ఆయనా లేరు. ఈలోగా నేను బ్లాక్‌బోర్డు మీద కీబోర్డు గీసి పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలు హాస్టల్లో అన్నం తిన్న అడ్డాకు విస్తళ్లను కడిగి, బొగ్గుతో మీటలు గీసుకుని, వాటి మీద టైపు చేసేవాళ్లు. చూడముచ్చటగా ఉండేది, కడుపు మండిపోయేది కూడా.

క్లాసులో ఒక పిల్ల ఉండేది. ఏం చెప్పినా "ఎందుకు సార్?" అనేది కాబట్టి ప్రశ్నల గుంట అని నేనే పేరు పెట్టాను (అక్కడ గుంట అంటే ఆడపిల్ల). ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడగానే ఆ పిల్ల లేచింది.

"సార్, ఇస్తరి మీద నేర్సుకున్నోల్లకి ఇస్తరి మీదే పరీచ్చ పెడతారా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "ఫెయిలైపోతే మా బాబు కాఫీ తోటకి వచ్చీమన్నాడు సార్. ఇంక సదువు నేదు" అంది.

ఆ మాటతో నా రక్తం మరిగింది. నేరుగా మేడమ్ గదిలోకి వెళ్లి, విజ్ఞానశాస్త్రం మీద, సమానత్వం మీద, పెత్తనానికి తల వంచే మన జాతి దౌర్బల్యం మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. మేడమ్ శ్రద్ధగా విన్నారు. టీ కూడా తెప్పించారు.

"మీరు చెప్పిందంతా నిజమే మాస్టారూ. కానీ ఏ శాస్త్రమూ జరక్కుండా కొత్త వస్తువు ఎలా ముట్టుకుంటాం చెప్పండి?"

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ప్రశ్నల గుంట తల లోపలికి పెట్టింది. "అయితే కొత్త సేసీదుం మేడమ్!"

మైదానం వాళ్ల కోసం చెబుతున్నాను. కొండల్లో కొత్త పంటను పండుగ చేయకుండా ఎవరూ నోట పెట్టరు. దాన్నే 'కొత్త' అంటారు. మామిడికి కొత్త, కందికి కొత్త, చిక్కుడుకి కొత్త.

"ముందు పెద్దలకి పెడతాం. పెట్టినాక ఇంట్లో అందరం తింతాం, ఒక్కల్నీ వొగ్గం. ఆఫీసరు వచ్చీవరకు ఆగితే మామిడిపండు కుల్లిపోదా మేడమ్?"

మేడమ్ ముఖం వెలిగిపోయింది. ఆవిడకు కావలసింది వాదన కాదు, ఏదో ఒక తంతు. నేను మాత్రం హతాశుణ్ణయ్యాను. ఒక మూఢనమ్మకాన్ని తరిమేస్తే దాని మేనత్త వచ్చి కూర్చున్నట్టయింది.

మర్నాడే కొత్త. కంప్యూటర్ ముందు విస్తరి వేసి, బెల్లమన్నం పెట్టి, పిల్లలు వాళ్ల పెద్దల్ని తలుచుకున్నారు. హేతువాదినైన నేను పక్కనే నిలబడి చేసిన పోరాటమంతా ఒక్కటే నినాదం: "నీళ్లు చల్లొద్దు! అమ్మా, నీళ్లు మాత్రం చల్లొద్దు!"

తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఒక్కో మీట నొక్కారు. క్లాసు పిల్లలే కాదు, కాలేజీ పిల్లలంతా. వంటామె చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "కరెంటు కొట్టదు కదా బాబూ?" అంటూ కళ్లు మూసుకుని నొక్కింది. వాచ్‌మన్ నొక్కాడు. ఆఖరికి మేడమ్ కూడా నొక్కి, చిన్నపిల్లలా నవ్వారు. తెర నిండా అర్థం పర్థం లేని అక్షరాల వరస. మంత్రాలంటే మండిపడే నేను దాన్ని చెరపబోయి, చెయ్యి రాక ఆగిపోయాను.

సాయంత్రం అలవాటుగా తాళం వేయబోయిన మేడమ్‌ని ప్రశ్నల గుంట ఆపింది. "కొత్త అయిపోయినాక ఇంకా దాపరికమేటి మేడమ్? అందరిదీ కదా." మేడమ్ నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. నా మహోపన్యాసం తీయించలేని తాళం ఆ రోజు నుంచి పగలు పడలేదు.

ఆ పిల్ల పరీక్ష పాసైంది. పాసై, కాఫీ తోటకు కాక విశాఖకు పై చదువుకు వెళ్లింది. బస్సెక్కబోతూ, "సార్, మీరు బేగి కోప్పడిపోతారు. ముందు మా మాట ఇనాల" అని నాకు బుద్ధి చెప్పింది. బెల్లమన్నం ముందు చేతులు అడ్డం పెట్టి అరిచిన అప్పటి నాలోని కుర్ర వీరుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు ముద్దొస్తాడు. దేవుడు లేడని ఈనాటికీ అంటాను. కానీ ఎవరూ ముందు తినకూడదు, తినేటప్పుడు ఒక్కరినీ వదలకూడదన్న ఆ నియమం కంటే గొప్ప హేతువాదం నాకు ఏ వేదిక మీదా దొరకలేదు.

సరే, నవ్వింది చాలు. రేపు పొద్దున్నే మీ ఊరి బడికి వెళ్లండి. కంప్యూటర్ ఉందా అని అడక్కండి, ఉందనే చెబుతారు. ఏ పిల్ల వేళ్లు ఇంకా దాన్ని తాకలేదో అడగండి. ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టండి. అప్పటిదాకా అక్కణ్ణుంచి కదలకండి.