బాబాయి గొడుగులకు ఫారిన్ గిరాకీ

మా బాబాయిని వీధిలో అందరూ ఎక్స్‌పోర్టు అంటారు. ఆయన గొడుగులు తయారుచేస్తాడు. షెడ్డు ముందు బోర్డు మీద ‘తయారీదారులు, ఎగుమతిదారులు’ అని రాయించుకున్నాడు. నాకు తెలిసి ఆయన గొడుగు దేశం దాటిందంటే, ఎవరో మతిమరుపు మనిషి విమానంలో వదిలేసి ఉండాలి. కోతలు మాత్రం ఏ సరిహద్దు దగ్గరా ఆగవు.

షెడ్డులో ఆయన ఊచలు బిగిస్తాడు, ఎదురుగా పిన్ని మిషను మీద గుడ్డ కుడుతుంది. పెళ్ళైన కొత్తలో అలా కూర్చున్నారు, ఇప్పటికీ అలాగే కూర్చుని పోట్లాడుకుంటున్నారు. ఈమధ్య గిరాకీ పడిపోయింది. బజార్లో హోల్‌సేల్ షావుకారు ఒక్కడే సరుకు ఎత్తుతున్నాడు. అతను కూడా మానేస్తే షెడ్డుకు తాళమే. ఈ సంగతి బాబాయికి తెలియక కాదు, నోటితో ఒప్పుకోవడానికి నామోషీ.

నేను ఓ హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఆమధ్య పరదేశం నుంచి బిజినెస్ చదివే పిల్లలు మా హోటల్లో దిగారు. మన బజార్లు తిరిగి, ఇక్కడ ఏం వ్యాపారం చెయ్యొచ్చో రిపోర్టు రాయాలట. వెంట వచ్చిన మేష్టారు, ఇక్కడ గొడుగులెవరు చేస్తారని అడిగితే బాబాయి పేరు చెప్పాను. సాయంత్రం షెడ్డుకెళ్ళి ఆ మాట చెవిన వేసేసరికి బాబాయి కాళ్ళు నేల మీద ఆగలేదు.

“చూశావా! ఇన్నాళ్ళకి నన్ను వెతుక్కుంటూ వచ్చారు.”

“చదువుకునే పిల్లలు బాబాయ్. కొనరు.”

“ఇవాళ చదువుకునేవాళ్ళే కదే రేపు కొనేది! నీకు వ్యాపారం తెలీదు, ఊరుకో.”

“తమరికి తెలిసే కదా ఇంతలా వెలిగిపోతున్నాం,” అంది పిన్ని, మిషను ఆపకుండా.

పిల్లలు వచ్చిన రోజు బాబాయి పెళ్ళినాటి కోటు తొడిగాడు. బొత్తాలు పెట్టుకోవడానికి పొట్ట ఒప్పుకోలేదు. ఆ పిల్లల భాష హోటల్లో నాలుగు ముక్కలు నేర్చుకున్న పాపానికి నేను మధ్యవర్తిని. వాళ్ళు ఒకటడిగితే ఆయన పది చెప్పాడు. గుడ్డ ఎక్కడ కొంటాడు, ఊచలు ఎంతకు పడతాయి, మిగిలేదెంత, అన్నీ విప్పి పరిచాడు. ఇంక షెడ్డు రాసివ్వడమే తరువాయి.

అక్కడితో ఆగితే ఆయన బాబాయెందుకవుతాడు? పిల్లల్ని వెంటేసుకుని బజారంతా తిప్పాడు. “మనవాళ్ళే, ఏదడిగినా చెప్పండి,” అని ప్రతి దుకాణంలోనూ సిఫార్సు. కట్టుకున్న పెళ్ళానికి కూడా అసలు ధర చెప్పని షావుకారు, బాబాయి ముఖం చూసి మొత్తం కక్కేశాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

వెళ్ళేముందు హోటల్ హాల్లో వాళ్ళ రిపోర్టు చదివారు. బాబాయిని ముందు వరసలో కూర్చోబెట్టారు. బక్కపల్చని అమ్మాయి ఒకతి లేచింది. చేతిలో కాగితం గడగడ వణుకుతోంది. నేను బాబాయి చెవిలో ఒక్కో ముక్కా చెబుతున్నాను. మొదట ఆయనకు దండిగా కృతజ్ఞతలు చెప్పింది. ఎవరెవరు చూస్తున్నారోనని బాబాయి వెనక్కి తిరిగి మరీ చూసుకున్నాడు.

తర్వాతి మాటలు విని నేను ఆగిపోయాను.

“ఆపావేం? చెప్పు.”

“ఇక్కడ గొడుగులు చేత్తో చేస్తారు కాబట్టి ఖరీదెక్కువట. వాళ్ళ దేశపు కంపెనీ సగం ధరకే ఇక్కడికి పంపగలదట. ఈ పిల్లల ఖర్చులు పెట్టిందీ ఆ కంపెనీయేనట. వాళ్ళ సరుకు ఎత్తడానికి మన షావుకారు సరేనన్నాడట, బాబాయ్.”

హాలంతా చప్పట్లు. బాబాయి ముఖం మీద నవ్వు అలాగే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. ఆ మేష్టారు ఆయన్ని వేదిక మీదికి పిలిచి రెండు మాటలు చెప్పమన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బాబాయి నోరు ఎలాంటిదో నాకు తెలుసు. ఆయన దులిపేస్తాడు, నేను ఒక్క తిట్టు కూడా వదలకుండా వాళ్ళకు చెబుతానని నడుం బిగించాను.

బాబాయి ఆ అమ్మాయి వైపు చూశాడు. “అమ్మాయి బాగా చెప్పింది. మార్కులు తగ్గించకండి,” అని వచ్చి కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. షెడ్డుకు రాగానే జరిగిందంతా పిన్నికి చెప్పేశాను. మిషను ఆగింది.

“నా మీద లేచే ఆ నోరు అక్కడేమైపోయింది?” అంది పిన్ని. “ఇదేం పనయ్యా అని ఒక్క మాట అడగలేకపోయారా?”

“ఏం అడగమంటావే? పాపం, ఆ పిల్ల చేతులు వణికిపోతున్నాయి.”

“నా చేతులు ఎప్పుడైనా చూశారా?”

అరుస్తుందనుకున్నాను, అరవలేదు. మిషను మీదుగా రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ళ కొసలు సూదిపోట్లకు మొద్దుబారిపోయాయి. కుడి బొటనవేలు వంకరపోయి ఇంక తిన్నగా రాదు. ఆ చేతులూ వణుకుతున్నాయి. ఇన్నేళ్ళూ ఎదురుగానే కూర్చున్న బాబాయి వాటిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. పట్టుకోబోతే పిన్ని పట్టుకోనివ్వలేదు.

“రేపట్నుంచి వీటికేం పని చెప్తారు?” అంది.